మంచు దేశంలో మా ఊరి వాన

మా బోగోలులో మంచు అంటే రెండే అర్థాలు. ఒకటి, ధనుర్మాసంలో తెల్లవారుజామున గడ్డిపోచలమీద కనిపించి, మనం కాఫీ తాగి వచ్చేలోగా మాయమయ్యేది. రెండవది, చేపలమీద పోయడానికి ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెపట్టా కప్పుకొని జువ్వలదిన్నె వైపు పోయే గడ్డ. ఈ రెండూ గాక మూడవ మంచు ఒకటున్నదనీ, దానిమీద జారడానికి జనం డబ్బు పోసి టిక్కెట్టు కొంటారనీ అరవై ఆరేళ్ళు నిండేవరకు నేను పట్టించుకోలేదు.

అటువంటి నాకు 2025 ఫిబ్రవరిలో, జపాను దేశంలో, యుజావా అనే కొండ ఊళ్ళో, కాళ్ళకు రెండు పలకలు తగిలించుకొని మంచులో వెల్లకిలా పడే యోగం పట్టింది. పట్టించినవాడు మా అబ్బాయి. వాడు పన్నెండేళ్ళుగా టోక్యోలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు.

"నాయనా, ఈసారి చలికాలంలోనే రండి. పిల్లోడికి స్కీ నేర్పిస్తున్నాం. మీరూ చూద్దురుగాని" అన్నాడు ఫోనులో. కాసేపాగి, "ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాల" అన్నాడు.

ఆ ఇంకో సంగతి ఏమిటో నాకూ తెలుసు, మా ఇంటావిడకూ తెలుసు. ఇద్దరమూ తెలియనట్టే ఊరుకున్నాం. ఆవిడ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టింది. నేను పెట్టె అడుగున రెండు శాలువలు పరిచాను. బిట్రగుంట స్టేషనులో రైలెక్కి చెన్నై చేరి, అక్కడ విమానమెక్కాం.

సొరంగానికి ఇవతల, అవతల

టోక్యోలో దిగిన నాడు ఎండ పెళపెళలాడుతున్నది. చలి ఉన్నమాట నిజమే గాని, ఆకాశం మా సంక్రాంతి ఆకాశంలాగే నిర్మలంగా ఉన్నది. "మంచేదిరా?" అన్నాను. "కొండ అవతల ఉంది నాయనా, రేపు చూపిస్తాను" అన్నాడు.

మరునాడు బులెట్ రైలెక్కాం. యుజావాకు గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. దారి పొడుగునా ఎండిన పొలాలు, ఆరేసిన బట్టలు. రైలు ఒక సొరంగంలో దూరింది. ఇరవై రెండు కిలోమీటర్ల సొరంగం, దాటడానికి ఐదారు నిమిషాలు. ఇవతలికి వచ్చేసరికి, చెప్పవద్దూ, ఎవరో దుప్పటి తీసి లోకంమీద కప్పినట్టున్నది. ఇళ్ళు లేవు, ఇళ్ళ ఆకారాలున్నాయి. చెట్లు లేవు, చెట్ల గుర్తులున్నాయి. మా ఇంటావిడ నోట మాట రాక నా చెయ్యి పట్టుకున్నది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో నలుగురి ఎదుట ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఈ సొరంగపు వింతతోనే ఒక నవల మొదలవుతుంది. యసునారి కవాబాతా అనే రచయిత 1930లలో ఈ యుజావాకు వచ్చి, ఇక్కడి సత్రంలో బస చేస్తూ "మంచు దేశం" అనే నవల వ్రాశాడు. 1968లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన వచ్చిన సొరంగం మేము వచ్చినది కాదు. అది పాతది, 1931లో తెరిచినది, పొడవు పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మాది 1982లో బులెట్ రైలు కోసం తెరిచిన కొత్త దారి.

పాత సొరంగం సంగతి విన్నప్పుడు నాకు మా నాయన గుర్తుకు వచ్చాడు. ఆయన బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశాడు. జీవితమంతా ఇంజను నోట్లోకి బొగ్గు విసిరినవాడు. అంత పొడుగు సొరంగంలో ఆవిరి ఇంజను నడిస్తే పొగకు మనుషులు ఉక్కిరిబిక్కిరైపోతారని, 1931లోనే ఆ ముక్కకు కరెంటు పెట్టారట. ఆ మాట వింటే మా నాయన గట్టిగా నవ్వి, తరువాత ఒక్క క్షణం దగ్గి, ఊరుకొనేవాడు.

ఇది మా వానే!

నేను ముప్ఫై ఆరేళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి. అంచేత వింత చూస్తే ఆనందించి ఊరుకోలేను, కారణం అడగాలి. ఈ యుజావా మరీ ఎత్తయిన ఊరు కాదు. సముద్రమట్టానికి నాలుగువందల మీటర్లయినా లేదు. మన కాశ్మీరు కంటే కాస్త ఉత్తరంగా ఉన్నదంతే. మరి ఇంత మంచు ఎక్కడిది?

మా అబ్బాయి రైలు కిటికీ అద్దంమీద ఆవిరి పట్టిన చోట వేలితో పటం గీశాడు. చలికాలంలో సైబీరియా నుంచి గాలి వీస్తుంది. చల్లటిదే గాని పొడిగాలి, దానిలో తేమ లేదు. ఆ గాలి జపాను సముద్రం దాటాలి. ఆ సముద్రంలో దక్షిణం నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఒకటున్నది. దానిమీదుగా వస్తూ గాలి కడుపు నిండా నీళ్ళు తాగుతుంది. ఒడ్డు దాటగానే రెండువేల మీటర్ల కొండలు అడ్డం. గాలి కొండ ఎక్కలేక ఎక్కుతూ, చల్లబడి, తాగినదంతా ఇవతలి పక్కనే మంచుగా దించేస్తుంది. కొండ దిగి టోక్యో చేరేసరికి అది మళ్ళీ పొడిగాలే. అందుకే సొరంగానికి ఒకవైపు ఎండ, మరొకవైపు మంచు.

నేను పటం వైపే చూస్తూ ఉండిపోయాను. ఇది నేను ఐదవ తరగతికి ఏటేటా చెప్పిన పాఠమే కదా! దేశంలో చాలా భాగానికి నైరుతి ఋతుపవనం వాన ఇస్తే, మా నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్యం నుంచి వస్తాయి. ఆ గాలి కూడా నేలమీద నుంచి బయలుదేరిన పొడిగాలే. బంగాళాఖాతం మీదుగా వస్తూ నీళ్ళు తాగి, మా ఒడ్డున దించిపోతుంది. అక్కడ దించితే చెరువు నిండుతుంది, ఇక్కడ దించితే కొండ తెల్లబడుతుంది. ఇంటిపేరు ఒకటే, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్ళు వేరు.

"ఒరే, ఇది మా వానేరా!" అన్నాను గట్టిగా. రైల్లో అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటారు. నలుగురు తల తిప్పి చూచారు. కోడలు తల వంచుకొని నవ్వుకున్నది.

మళ్ళీ అక్షరాభ్యాసం

యుజావాలో ఒక విచిత్రమైన స్టేషనున్నది. గాలా యుజావా అని పేరు. చలికాలంలో మాత్రమే రైలు అక్కడికి పోతుంది. స్టేషనులోనే బూట్సూ, కోటూ, పలకలూ అద్దెకిస్తారు. అక్కడే తీగమీద నడిచే పెట్టె ఎక్కితే నేరుగా కొండమీద దించుతుంది.

స్కీ బూట్సు గురించి ఒక మాట చెప్పాలి. అవి చెప్పులు కావు, కాళ్ళకు వేసే బేడీలు. గట్టి ప్లాస్టిక్ డొల్లలో పాదం పెట్టి నాలుగు బిగింపులు బిగిస్తారు. చీలమండ కదలదు. వేసుకొని నాలుగడుగులు వేస్తే, మా ఊరి జాతరలో మరకాళ్ళమీద నడిచేవాడు ఎంత నేర్పరో అర్థమైంది. మా ఇంటావిడ మాత్రం బూట్సు వంక ఒకసారి చూచి, "నాకు ఈ కాళ్ళతో ఇంకా పని ఉన్నది" అని, కాఫీ హోటలు కిటికీ దగ్గర కూర్చున్నది.

ఎనిమిదేళ్ళ మనవడూ నేనూ ఒకే తరగతి. పంతులమ్మకు ఇరవై ఐదేళ్ళుంటాయి. ఆమె మొదట నేర్పింది జారడం కాదు, పడడం. పక్కకు వాలి ఒరిగినట్టు పడాలట. పడ్డాక పలకలను వాలుకు అడ్డంగా తిప్పుకొని లేవాలట. ఆ పాఠం నేను చెప్పకుండానే అభ్యసించాను. మొదటి గంటలో పదకొండుసార్లు పడ్డట్టు మనవడు లెక్క చెప్పాడు. నేను లెక్కపెట్టలేదు.

తరువాత నేర్పింది ఆగడం. ఆమె ఊతకర్రతో మంచుమీద ఒక అక్షరం వ్రాసింది. జపాను వారి 'హ' అది. పైన దగ్గరగా, కింద ఎడంగా, ఇంటికప్పులా వాలిన రెండు గీతలు. పలకల ముందు కొనలు దగ్గరికి, వెనుక కొనలు దూరానికి. అలా 'హ' వ్రాస్తే వేగం తగ్గుతుంది, ఇంకా వెడల్పు చేస్తే ఆగిపోతుంది. ఈ దేశంలో పసివాళ్ళకు స్కీ నేర్పేటప్పుడు ఈ అక్షరంతోనే మొదలట.

ఎన్ని వందలమంది పిల్లల వేలు పట్టి పళ్ళెంలో బియ్యంమీద తొలి అక్షరం దిద్దించానో నాకే తెలియదు. ఈ వయసులో ఇంకొకరు బియ్యమంత తెల్లని కొండమీద నాచేత అక్షరం దిద్దించారు. చెయ్యి కాదు, కాళ్ళు వణికాయి.

ఇందులో ఉన్న కిటుకు చెబుతాను. వాలు చూడగానే భయం మనిషిని వెనక్కి లాగుతుంది. వెనక్కి వాలితే ముందు కొనలు తేలి, పలకలు మన మాట వినవు, పరుగెత్తుతాయి. భయమున్నా మోకాళ్ళు వంచి ముందుకే ఒరగాలి. అప్పుడే పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నానికి నేను యాభై గజాలు పడకుండా వచ్చి, 'హ' వ్రాసి, నిలబడ్డాను. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. కిటికీలో మా ఇంటావిడ చూచిందో లేదోనని అటు తిరిగాను. తిరగగానే పడ్డాను.

ఈ విద్య జపానుకు పుట్టుకతో వచ్చినది కాదు. 1902 జనవరిలో ఉత్తరాన హక్కోడా కొండలలో కవాతుకు పోయిన 210 మంది సైనికులలో 199 మంది మంచుతుపానులో చిక్కి చనిపోయారు. తరువాత తొమ్మిదేళ్ళకు, 1911 జనవరిలో, థియొడోర్ ఫాన్ లెర్ఖ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి ఈ నీగాతా రాష్ట్రంలోనే తకాదా పట్టణంలో సైనికులకు స్కీ నేర్పాడు. అక్కడినుంచి అది దేశమంతా పాకింది. 1972లో సప్పోరోలో, 1998లో నాగనోలో శీతకాలపు ఒలింపిక్సు జరిగాయి. నాగనోకు మన దేశం నుంచి పదహారేళ్ళ శివ కేశవన్ అనే కుర్రవాడు మంచుబండి పందానికి వెళ్ళాడు. మనకూ కాశ్మీరులో గుల్మార్గ్, ఉత్తరాఖండులో ఔలీ ఉన్నాయి. బోగోలు వాడికి అవీ దూరమే లెండి.

వేడినీళ్ళు, తెల్లబట్ట, కొత్తబియ్యం

సాయంత్రం ఒళ్ళంతా పచ్చిపుండు. దానికి మందు భూమిలోనే ఉన్నది. యుజావా వేడినీటి ఊటల ఊరు. మగవారికి, ఆడవారికి వేరువేరు స్నానశాలలు. ముందు పీటమీద కూర్చుని శుభ్రంగా ఒళ్ళు రుద్దుకొని, ఆ తరువాత తొట్టిలో దిగాలి. ఒంటిమీద నూలుపోగు ఉండరాదు. నేను గుమ్మం దగ్గర పావుగంట తటపటాయించాను. లోపల ఉన్న ముసలివారెవరూ నావంక చూడలేదు. మెడ వరకు వేడినీళ్ళు, తలమీద రాలే మంచు. అబద్ధమెందుకు, ఆ రాత్రి మోకాళ్ళ నొప్పి జ్ఞాపకమే రాలేదు.

మా ఇంటావిడకు నచ్చినది మరొకటి. ఈ ప్రాంతంలో తరతరాలుగా ఒక రకం నారబట్ట నేస్తారు. నేసిన బట్టను చలికాలం చివర ఎండ కాసే రోజుల్లో మంచుమీద పరిచి తెల్లబరుస్తారు. ఆ నేతను 2009లో యునెస్కో వారు మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చారు. మంచుమీద బారులు తీరిన బట్టల ఫోటో చూచి ఆవిడ తన వెంకటగిరి చీర కొంగు వేళ్ళతో తడుముకున్నది. "వీళ్ళకు చాకిరేవు కూడా ఆకాశం నుంచే దిగుతుంది" అన్నది.

భోజనం దగ్గర నాకు గర్వభంగం జరిగింది. మొలగొలుకులు తిని పెరిగిన నెల్లూరు వాణ్ణి, ఇతరుల బియ్యాన్ని మెచ్చుకోవడం నా రక్తంలో లేదు. ఈ ఉవోనుమా లోయలో పండే కోషిహికారి బియ్యం జపానులో మేలురకంగా పేరుపడ్డది. వేసవిలో పొలాలకు నీరు ఈ కొండల మంచు కరిగి వచ్చినదే. ఆ అన్నంలో ఆవకాయ కలుపుకొని రెండోసారి పెట్టించుకున్నాను. ఇంతకంటే వ్రాయను. ఊళ్ళోవాళ్ళు చదువుతారు.

కప్పుమీది బరువు

మేము దిగినది ఒక చిన్న బస. ఇంటావిడే వండి వడ్డించే ఇల్లులాంటి సత్రం. ఆమెకు డెబ్భై ఆరేళ్ళు. భర్త పోయాడు. కూతురు టోక్యోలో ఉన్నది.

మూడవనాడు తెల్లవారేసరికి నడుమెత్తు కొత్తమంచు పడి ఉన్నది. నాకు మెలకువ వచ్చినది పారల చప్పుడుకు. కిటికీలోంచి చూస్తే ఆ ముసలావిడ వాకిట్లో మంచు తోస్తున్నది. కప్పుమీద పొరుగింటాయన, అతనికీ డెబ్భై దాటి ఉంటాయి, నడుముకు తాడు కట్టుకొని పారతో మంచు గడ్డలను కిందికి దొర్లిస్తున్నాడు. వీధిలో రోడ్డు మధ్య చిన్న గొట్టాలనుంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. భూమిలోపలి నీరు గడ్డకట్టేటంత చల్లన కాదు గనుక, దానితో రోడ్డుమీది మంచు కరిగిస్తారు. ఆ ఏర్పాటు రోడ్డుకేగాని కప్పుకు లేదు.

సెలవులకు వచ్చిన మాకు మంచు ఆట. ఉన్నవాళ్ళకు అది ఏటేటా మోయవలసిన బరువు. కప్పు దించబోయి జారిపడి, మంచు కింద చిక్కి, జపానులో ఏటా ఎందరో ప్రాణాలు పోగొట్టుకుంటారు. వారిలో ఎక్కువమంది ముసలివారే. పడుచువాళ్ళు పట్నాలు చేరారు.

ఊళ్ళో ఎత్తయిన మేడలు చాలా ఉన్నాయి. 1980ల చివర దేశమంతా స్కీ పిచ్చి పట్టినప్పుడు, టోక్యో వాళ్ళు కొనుక్కోవడానికి కట్టినవి. ఆ పిచ్చి 1990లలో తగ్గింది. ఇప్పుడు వాటిలో కొన్ని గదులు అడిగినవాడికి అతి చౌకగా ఇస్తారట. రాత్రిపూట ఆ కిటికీలలో దీపాలు లెక్కపెడితే నాకు బిట్రగుంట రైల్వే కాలనీ కనిపించింది. ఆవిరి ఇంజన్లున్న రోజుల్లో అక్కడ రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. ఇంజన్లు పోయాయి, సందడి పోయింది. ఒక్కదాన్ని నమ్ముకున్న ఊరికి ఆ ఒక్కటీ పోతే ఏం మిగులుతుంది? వదిలిపోనివాళ్ళు మిగులుతారు.

ఆ ఉదయం చారు తాగుతూ ముసలావిడను అడిగాను. "అమ్మా, ఈ పని మానుకొని కూతురి దగ్గరికి పోరాదా?"

మా అబ్బాయి ఆ మాట జపాను భాషలో చెప్పాడు. ఆమె నవ్వి చాలాసేపు మాట్లాడింది. వాడు వెంటనే తెలుగులో చెప్పలేదు. చారు గిన్నె కింద పెట్టి, అప్పుడు చెప్పాడు.

"అమ్మాయి ఏటా ఇదే అడుగుతుందంట. ఒక్క చలికాలం కప్పు దించేవాళ్ళు లేకపోతే ఇల్లు కూలిపోతుందంట. ఇల్లు అమ్మను చూసుకుంటా ఉందని అమ్మాయి అనుకుంటుందంట. ఇన్నాళ్ళూ ఇంటిని చూసుకుంటా ఉండేది నేనే అంటోంది."

ఆమె ఇంకో ముక్క అన్నది. వాడు అదీ దాచకుండా చెప్పాడు. "అయితే ఈ ఏడు మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయంట. అమ్మాయితో మాత్రం చెప్పలేదంట."

నేను తల వంచుకొని చారు తాగాను.

ఇంకో సంగతి

ఆ సాయంత్రం వాడు ఇంకో సంగతి ఎత్తాడు. బోగోలులో ఇల్లు అమ్మి, మేమిద్దరం టోక్యో వచ్చేయాలి. మాటలు మెత్తగానే మొదలుపెట్టాడు గాని మధ్యలో గొంతు జీరపోయింది. "క్రిందటి నవంబరులో నీకు నాలుగు రోజులు జ్వరమొస్తే నాకు చెప్పలేదు. వానలో కరెంటు లేదు, ఫోను పలకలేదు. నేను ఇక్కడ ఎట్టా ఉన్నానో నీకు తెలుసా?"

తెలుసు. 1989 నవంబరులో గే అనే తుపాను థాయిలాండు దగ్గర పుట్టి, బంగాళాఖాతం దాటి, కావలి దగ్గర ఒడ్డెక్కింది. అప్పుడు వీడికి ఏడాది వయసు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. వీణ్ణి బల్లమీద పెట్టి, మేమిద్దరం చెరొకవైపూ పట్టుకొని తెల్లవార్లూ నిలబడ్డాం. తెల్లవారాక ఇరుగుపొరుగు వచ్చి కప్పు ఎక్కారు. ఆ పెంకులు మళ్ళీ పేర్చిన చేతులలో సగం ఇప్పుడు లేవు. మిగిలినవారు నా వీధిలోనే ఉన్నారు. ఆ సంగతి వాడికి జ్ఞాపకం ఉండదు. నాకు మరుపు ఉండదు.

నేను చెప్పదలచినది తిన్నగా చెప్పాను. "ఇల్లు అమ్మను. కాని ఇకమీద జ్వరం వస్తే దాచను. కప్పు ఎక్కలేని రోజు వస్తే ఆ రోజే నీకు చెబుతాను. ఆ మాట నేను తప్పను." వాడు చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంటావిడ మాత్రం "ఆ మాట నాకూ ఇవ్వండి. నాతోనూ దాచారు" అన్నది. అప్పుడు వాడు నవ్వాడు. ఒప్పుకున్నాడని చెప్పలేను. నా మాట విన్నాడు.

మరునాడు తిరుగు రైలు. స్టేషనులో మనవడు కొలబద్ద వేసినట్టు మంచుగోడ పక్కన నిలబడి, తన ఎత్తు చూసుకుంటున్నాడు. వాడికి ఆకాశం నుంచి పడేదంతా ఎత్తుతో కొలిచేదే.

"తాతా, మీ ఊళ్ళో వాన ఎంత ఎత్తు పడుతుంది?" అని అడిగాడు.

బడిపంతులుగా నేను గొంతు సవరించుకొని, వానను మిల్లీమీటర్లలో కొలుస్తారని చెప్పబోయాను. మా ఇంటావిడ నన్ను ఆపి, "మీ నాయన్ని బల్లమీద కూర్చోబెట్టాల్సినంత ఎత్తు. నవంబరులో రా, బల్ల చూపిస్తాను" అన్నది.

"ఎప్పుడు, ఎప్పుడు?" అని వాడు తండ్రి కోటు పట్టుకొని లాగాడు. మా అబ్బాయి సొరంగం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తరువాత జేబులోంచి ఫోను తీసి నవంబరు సెలవులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.